కాటా సరిగ్గానే ఉంది, మరి ధర ఎందుకు దక్కడం లేదు? మార్కెట్ యార్డు చట్టాల చరిత్రపై చర్చ

మిరపకళ్లం (చర్చ ప్రారంభించిన సభ్యుడు):

సభ్యులందరికీ నమస్కారం. మాది ఖమ్మం జిల్లాలో మిరప పండించే ఊరు. ఈ ఏడాది మొదటి కోతలో వచ్చిన నలభై రెండు బస్తాల తేజ రకం కాయను మార్కెట్‌కు తోలాను. తెల్లవారుజామున నాలుగింటికే బస్తాలు దింపించి, వరుసగా పేర్చి, మూతులు విప్పి, కాయ బాగా కనబడేలా సర్దుకుని కూర్చున్నాము. పొద్దెక్కాక జెండా పాట మొదలైంది. తెలియని వారి కోసం చెబుతున్నాను. ఆ రోజు యార్డుకు వచ్చిన సరుకులో మేలైన ఒక రాశి దగ్గర అధికారులు, ఖరీదుదారులు, అడ్తీదారులు (రైతు సరుకును కమీషను మీద అమ్మించేవారు), రైతులు గుమికూడి జెండా పట్టుకుని పాట పాడతారు. అక్కడ పలికిన ధరే మరునాడు పత్రికల్లో వస్తుంది. ఆ రోజు జెండా పాట క్వింటాలుకు 16,200 రూపాయలు పలికింది.

నా రాశి దగ్గరకు ఖరీదుదారు వచ్చేసరికి పదిన్నర దాటింది. ఆయన గుప్పెడు కాయ తీసుకుని, ఒకటి విరిచి, గింజ రాలడం చూసి, తొడిమ దగ్గర తేమ ఉందని చెప్పి 13,400 అన్నాడు. మా అడ్తీదారు నా వైపు చూసి తల ఊపాడు. నేనూ ఊపాను. ఆ ఒక్క తల ఊపుకు 18 క్వింటాళ్ల మీద రమారమి యాభై వేల తేడా వచ్చింది. ఆ ధర నచ్చకపోతే సరుకు అమ్మకుండా ఉంచుకునే హక్కు రైతుకు ఉందని నాకు తెలుసు. అయినా వద్దనలేకపోయాను. జూన్‌లో విత్తనానికి, ఆ తరువాత పురుగుమందులకు, కోత కూలీలకు కలిపి ఆ అడ్తీదారు దగ్గరే మూడున్నర లక్షలు తెచ్చుకుని ఉన్నాను.

నాకు చాలా కాలంగా ఉన్న ప్రశ్న ఇది. పంట అమ్మకాలను అదుపు చేసే చట్టాలు మన దగ్గర పుట్టి వందేళ్లు కావస్తున్నాయి. అవి ఎవరి కోసం, ఏ ఇబ్బందిని తీర్చడానికి పుట్టాయి? నాకు ఎదురైన ఇబ్బంది వాటి లెక్కలో ఎన్నడైనా ఉందా? చరిత్ర తెలిసిన పెద్దలు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతదస్త్రం:

మిరపకళ్లం గారూ, మీ ప్రశ్నలోని మొదటి సగానికి నేను జవాబు రాయగలను. నేను చరిత్ర బోధించే ఉపాధ్యాయుణ్ణి.

మన దేశంలో నియంత్రిత మార్కెట్ అనేది మొదట రైతు కోసం పుట్టలేదు, పత్తి కోసం పుట్టింది. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఆగిపోవడంతో మాంచెస్టరు మిల్లులు మన పత్తి మీద ఆధారపడవలసి వచ్చింది. నల్లరేగడి నేలలున్న బీరారు (ఇప్పటి మహారాష్ట్రలోని విదర్భలో ఒక భాగం) వారి కంటికి ఆనింది. పేరుకు నిజాముదే అయినా 1853 నుంచి ఆ ప్రాంతం బ్రిటిష్ వారి పాలనలో ఉంది. అక్కడి కారంజా పట్టణంలో 1886లో హైదరాబాదు రెసిడెన్సీ ఉత్తర్వు కింద తొలి నియంత్రిత మార్కెట్ ఏర్పడింది. 1897లో బీరారు పత్తి, ధాన్యం మార్కెట్ల చట్టం వచ్చింది. తూకం ఒక పద్ధతిలో జరగాలి, దళారులు లైసెన్సు తీసుకోవాలి, అమ్మకం నిర్ణీత స్థలంలోనే జరగాలి అన్న మూడు సూత్రాలు అప్పటివే. మిల్లులకు కల్తీ లేని పత్తి నిలకడగా అందాలన్నది వాటి వెనుక ఉన్న ప్రధాన కారణం. రైతుకు కొంత మేలు జరిగిన మాట నిజమే, కానీ అది వెంట వచ్చిన మేలు.

రైతు పేరు ముందుకు వచ్చింది ఆ తరువాతే. 1927లో బొంబాయి పత్తి మార్కెట్ల చట్టం వచ్చింది. 1928లో లిన్‌లిత్‌గో అధ్యక్షతన పనిచేసిన రాయల్ వ్యవసాయ కమిషన్ తన నివేదికలో నియంత్రిత మార్కెట్లను దేశమంతటా నెలకొల్పాలని సిఫారసు చేసింది. దాని ఫలితంగానే 1930లో, అంటే నిజాం రాజ్యపు సంవత్సరాల లెక్కలో 1339 ఫసలీలో, హైదరాబాదు వ్యవసాయ మార్కెట్ల చట్టం, 1933లో మద్రాసు వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం వచ్చాయి. ఇప్పటి తెలంగాణ మొదటి చట్టం కిందా, కోస్తా, రాయలసీమలు రెండవ చట్టం కిందా నడిచాయి. మద్రాసు చట్టం పేరులోనే ఉన్నట్లు అది పత్తి, వేరుశనగ, పొగాకు వంటి వాణిజ్య పంటల కోసమే వచ్చింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో లక్షల ఎకరాల్లో పండే వరి ఆ చట్టం తొలి చూపులో లేదు. 1966లో ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ ఉత్పత్తులు, పశువుల మార్కెట్ల చట్టం వచ్చి రెండు ప్రాంతాలనూ ఒకే గొడుగు కిందికి తెచ్చింది. మీరు కాయ దింపిన యార్డు నడుస్తున్నది ఆ చట్టం వేసిన పునాది మీదనే.

కాటామనిషి:

నేను మార్కెటింగ్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేశాను. పాతదస్త్రం గారు చెప్పిన చట్టాలు నేల మీద ఏం మార్చాయో నేను చూసినంత వరకు చెబుతాను. ఎందుకంటే ఇప్పటి యువకులు యార్డును తిట్టేటప్పుడు అది లేని కాలం ఎలా ఉండేదో వారికి తెలియదు.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పైఅధికారులు యార్డులు రాకముందు నాటి బేరాల గురించి చెప్పేవారు. వ్యాపారీ దళారీ రుమాలు కింద చేతులు పెట్టి వేళ్లు నొక్కుకుని ధర తేల్చుకునేవారు. సరుకు గలవాడు పక్కనే నిలబడి ఉన్నా తన పంట ఎంత పలికిందో అతనికి తెలిసేది కాదు. మచ్చు పేరిట ఒక దోసెడు, ధర్మం పేరిట మరొక దోసెడు, గుడికి, గోశాలకు, వంటవాడికి, ఊడ్చేవాడికి కొంత కొంత తీసిపెట్టేవారు. బస్తా బరువు తీసివేతలో ఒక మోసం, రాళ్ల తూనికలో మరొక మోసం ఉండేవి. డబ్బు ఎప్పుడిస్తారో చెప్పే నాథుడు లేడు.

1966 చట్టం వీటిని తీసివేసింది. బహిరంగ వేలం లేదా టెండరు ద్వారానే ధర తేలాలి. తూకం లైసెన్సు ఉన్న దడవాయి చేతనే జరగాలి. చట్టంలో లేని కోత ఏదీ కోయకూడదు. మార్కెట్ రుసుము కొనేవాడే కట్టాలి, రైతు కట్టనవసరం లేదు. ఆ రుసుము నూటికి రెండు రూపాయలు మించకూడదని చట్టంలో ఉంది, వసూలు చేస్తూ వచ్చింది నూటికి ఒక రూపాయి. ఆ డబ్బుతోనే షెడ్లు, గోదాములు, పల్లె రోడ్లు వేశారు. తూకం కాగానే రైతు చేతికి తక్‌పట్టీ, అంటే బరువు, ధర, కోతలు రాసిన లెక్క చీటీ, ఇవ్వాలి. నలభై కిలోల బస్తాలో కిలో దొంగిలించే రోజుల నుంచి ఎలక్ట్రానిక్ కాటా మీద వంద గ్రాములు కూడా కనబడే రోజులకు వచ్చామంటే అది చిన్న విషయం కాదు. ఈ పనిలో నా జీవితం గడిచింది కాబట్టి దీన్ని తేలికగా తీసిపారేయడం నాకు కష్టంగా ఉంటుంది.

అయితే మిరపకళ్లం గారి తల ఊపు గురించి చదివి రాత్రంతా ఆలోచించాను. మేము కాటాను తనిఖీ చేశాము, లైసెన్సులు తనిఖీ చేశాము, రుసుము ఎగవేతలు పట్టుకున్నాము. అడ్తీదారు కొట్టులో ఉండే బాకీ పుస్తకాన్ని తెరిచి చూసే పని మాలో ఎవరికీ అప్పగించలేదు.

ఎర్రజొన్న:

మాది నిజామాబాద్ జిల్లా. కాటామనిషి గారు చివర రాసిన వాక్యం దగ్గరే అసలు సంగతి ఉందని నా నమ్మకం. మా తాతగారు చెప్పిన మాటలు ఇక్కడ పెడతాను.

వారి కాలంలో తెలంగాణ పల్లెల్లో నాగు అనే పద్ధతి ఉండేది. విత్తనాల వేళ దొర దగ్గరో షావుకారు దగ్గరో గింజలు తెచ్చుకుంటే, పంట వచ్చాక ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. విత్తనాల వేళ గింజ ధర ఎక్కువ, కోతల వేళ తక్కువ. అందుచేత రూపాయల్లో చూస్తే వడ్డీ ఎంతో లెక్క కట్టడం కష్టం. మా ముత్తాత కళ్లంలో రాశి పోసి, దాని మీద బూడిదతో గుర్తులు వేసి, అప్పులవాడు వచ్చి చూసేదాకా ఒక్క గింజ ఇంటికి తేలేదట. అలాంటి రైతుకు పట్నంలోని నియంత్రిత మార్కెట్ వల్ల ఒరిగేదేమిటి? అతని ధాన్యం ఆ మార్కెట్ గేటు దాకా వస్తే కదా!

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో నిజాం సర్కారు లెవీ గల్లా మొదలుపెట్టింది. ప్రభుత్వం నిర్ణయించిన ధరకు ఇంత ధాన్యం తప్పనిసరిగా అప్పగించాలన్నది ఉత్తర్వు. పెద్ద భూములున్నవారు అధికారుల అండతో తప్పించుకుంటే, ఆ భారం చిన్న రైతుల మీద పడింది. కొందరు తమకు తిండికి ఉంచుకున్నది కూడా కొలిచి ఇవ్వవలసి వచ్చింది. ఆంధ్ర మహాసభకు పల్లెల్లో అంత బలం రావడానికి వెట్టిచాకిరితో పాటు ఈ లెవీ కూడా కారణమని మరువకూడదు. పంట అమ్మకంలో ప్రభుత్వం జోక్యం చేసుకున్న ప్రతిసారీ, ఆ జోక్యం ఊళ్లో ఎవరి చేతుల మీదుగా నడిచిందన్నది చూడాలి.

డెల్టారైతు:

ఇక్కడ అందరూ అప్పు చుట్టూ తిరుగుతున్నారు. నేను ఒప్పుకోలేను. మాది కోనసీమ. మా తరాల అనుభవం వేరు. మాకు ధర రాకపోవడానికి షావుకారు కంటే ప్రభుత్వ విధానమే పెద్ద కారణం.

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక మా డెల్టా మిగులు ధాన్యం పండించే ప్రాంతమైంది. మిగులు పండే చోట రైతుకు కావలసింది దూరపు బజారు. 1957లో ఆంధ్ర, మద్రాసు, మైసూరు, కేరళ రాష్ట్రాలను కలిపి, లోపల బియ్యం అడ్డు లేకుండా కదిలే దక్షిణ బియ్యం మండలంగా చేశారు. కనీసం అప్పుడు మా బియ్యం కేరళకు సాఫీగా పోయింది. 1964లో ఆ మండలాన్ని విడగొట్టి ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రాన్ని ఒక మండలంగా చేశారు. ఎల్లల దగ్గర చెక్‌పోస్టులు వెలిశాయి. లోటు ఉన్న రాష్ట్రంలో ధర మండిపోతుంటే మిగులున్న మా దగ్గర అడ్డికి పావుశేరు చొప్పున అమ్ముకోవలసి వచ్చింది. మరుసటి ఏడాది, 1965 జనవరిలో, భారత ఆహార సంస్థ, వ్యవసాయ ధరల కమిషన్ రెండూ వచ్చాయి. మద్దతు ధర అన్న మాట అప్పటి నుంచి మా చెవిన పడుతోంది.

మన రాష్ట్రంలో చాలా కాలం ధాన్యం సేకరణ మిల్లర్ల ద్వారా లెవీ పద్ధతిలో నడిచింది. మిల్లరు రైతు దగ్గర ధాన్యం కొని, ఆడించి, బియ్యంలో నిర్ణీత భాగాన్ని ప్రభుత్వానికి లెవీ ధరకు ఇచ్చి, మిగిలింది బయట అమ్ముకునేవాడు. రైతుకు మద్దతు ధర ఇచ్చానని మిల్లరు కాగితం రాస్తే సరిపోయేది. ఆ కాగితం మీద సంతకం పెట్టిన రైతుకు నిజంగా ఎంత ముట్టిందో ఆ మిల్లరుకూ ఆ రైతుకూ మాత్రమే తెలుసు. 2015 అక్టోబరు నుంచి లెవీ పద్ధతి దేశమంతటా రద్దయింది.

2008 నుంచి 2011 దాకా సాధారణ బియ్యం ఎగుమతి మీద నిషేధం ఉంది. గోదాములు నిండిపోయి, మిల్లర్లు కొనక, కూలి రేట్లు పెరిగి, మద్దతు ధర ఖర్చులకు సరిపోక 2011 ఖరీఫ్‌లో మా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. కాలువలో నీళ్లు పారుతుండగా వేల ఎకరాలు బీడు పెట్టుకున్నారు. గోదావరి నీరు వచ్చిన తరువాత మా వాళ్లు నాట్లు మానడమంటే ఏమిటో డెల్టాలో పుట్టినవాడికే అర్థమవుతుంది. ఆ ఖరీఫ్‌లో మా నాన్న రోజూ పొద్దున్నే గట్టు దాకా వెళ్లి, గడ్డి మొలిచిన మడిని చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి వచ్చేవారు. దీనికీ అప్పులవాడికీ ఏం సంబంధం?

పాతదస్త్రం:

డెల్టారైతు గారి బాధ న్యాయమైనది. ఎల్లలు మూసి మిగులు ప్రాంతపు రైతు చేత లోటు ప్రాంతపు వినియోగదారుని భారం మోయించడం మన ఆహార విధానంలో మళ్లీ మళ్లీ జరిగింది. 1952 జూన్‌లో ముఖ్యమంత్రి రాజాజీ మద్రాసు రాష్ట్రంలో ఆహార నియంత్రణలను ఒక్కసారిగా ఎత్తివేసినప్పుడు అనేకులు భయపడినంత ప్రమాదం జరగలేదన్న సంగతి కూడా ఈ చరిత్రలో భాగమే.

అయితే అప్పుకూ ధరకూ సంబంధం లేదన్న మాటను మాత్రం డెల్టా చరిత్రే ఒప్పుకోదు. 1929 తరువాతి ఆర్థిక మాంద్యంలో ధాన్యం ధర మూడు నాలుగేళ్లలో దాదాపు సగానికి పడిపోయింది. అప్పు, శిస్తు మాత్రం రూపాయల్లో అలాగే నిలిచాయి. వంద బస్తాలు అమ్మితే తీరే బాకీకి రెండు వందల బస్తాలు అమ్మవలసి వచ్చింది. ధర పెరిగేదాకా ధాన్యం పురిలో ఉంచుకోగలిగినవాడు బతికాడు. ఉంచుకోలేనివాడి భూమి చేతులు మారింది. ఆ కాలంలోనే ఎన్.జి. రంగా గారి నాయకత్వంలో రైతు ఉద్యమం బలపడింది.

1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విమోచన చట్టం తెచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పుల మీద 1937 అక్టోబరు 1 నాటికి మిగిలి ఉన్న వడ్డీ మొత్తం రద్దయింది. అసలుకు రెండింతలు అప్పటికే కట్టి ఉంటే అప్పు పూర్తిగా తీరినట్లే. అంతటి చట్టం అప్పుడు వచ్చింది. కానీ పాత అప్పును కొట్టివేసిన చట్టం కొత్త అప్పు ఎక్కడ పుట్టాలో చెప్పలేదు. సహకార సంఘాలు ఆ స్థానాన్ని భర్తీ చేస్తాయనుకున్నారు. 1951-52లో జరిగిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వేలో తేలింది ఏమిటంటే, రైతు తెచ్చుకునే అప్పులో సహకార సంఘాల వాటా నూటికి మూడు, వడ్డీ వ్యాపారుల వాటా దాదాపు డెబ్బై.

ఈ రెండు చట్టాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1933 చట్టం మార్కెట్‌ను చూసింది, 1938 చట్టం అప్పును చూసింది. రెండూ ఒకే రైతు కోసం అయిదేళ్ల తేడాతో వచ్చినవే. అప్పిచ్చినవాడే పంట కొనేవాడు, లేదా కొనేవాడి తరఫున అమ్మించేవాడు అయినప్పుడు ఏం చేయాలన్న ప్రశ్నను మాత్రం ఏ చట్టమూ తన భుజాన వేసుకోలేదు. మిరపకళ్లం గారి రెండవ ప్రశ్నకు నా జవాబు ఇదే.

నల్లరేగడి:

నేను ప్రకాశం జిల్లా పొగాకు రైతును. పాతదస్త్రం గారు చెప్పిన ఆ ప్రశ్నను ఒక పంట విషయంలో ప్రభుత్వం భుజాన వేసుకుంది. అందుకే రాస్తున్నాను.

పూర్వం వర్జీనియా పొగాకును వ్యాపారుల ఫ్లాట్‌ఫారాల దగ్గరకు తోలి, వారు ఏ గ్రేడు అంటే ఆ గ్రేడుకు ఇచ్చి వచ్చేవాళ్లం. డబ్బులకు నెలల తరబడి తిరిగేవాళ్లం. 1975 చట్టం కింద 1976 జనవరి 1న పొగాకు బోర్డు ఏర్పడింది, కేంద్ర కార్యాలయం గుంటూరులో పెట్టారు. మన రాష్ట్రంలో 1985 నుంచి బోర్డు ఆధ్వర్యంలో వేలం మొదలైంది. రైతు పేరు, బ్యారన్ (ఆకును కాల్చి ఆరబెట్టే కొట్టం), పండించవలసిన పరిమాణం అన్నీ ముందే నమోదవుతాయి. నమోదైన రైతుకు బ్యాంకు అప్పు బోర్డు సిఫారసుతో వస్తుంది, వేలంలో వచ్చిన డబ్బు నుంచి ఆ బాకీ నేరుగా బ్యాంకుకు జమ అవుతుంది. ఇక్కడ గమనించవలసింది ఏమిటంటే, అప్పిచ్చిన బ్యాంకుకు నా బేలు (పొగాకు కట్ట) ఎవరు కొన్నా ఒకటే. ఎంత ఎక్కువ పలికితే దానికి అంత మంచిది. కాబట్టి ధర నచ్చకపోతే నా బేలును వెనక్కి తీసుకుని మరో రోజు పెట్టుకోగలిగాను. మిరపకళ్లం గారికి లేని వెసులుబాటు ఇది.

కానీ ఇది చదివి పొగాకు రైతు సుఖంగా ఉన్నాడనుకోవద్దు. 2015లో అంతర్జాతీయంగా గిరాకీ పడిపోయినప్పుడు వేలం కేంద్రంలో కొనేవాళ్లు చేతులు ముడుచుకుని నిలబడ్డారు. ట్రాలీ మీద బేలు కదులుతుంది, వేలందారు ధర పిలుస్తాడు, ఎవరూ పలకరు, చీటీ మీద నో బిడ్ అని రాసి పక్కకు నెట్టేస్తారు. ఆ ఏడాది నా బేళ్లు మూడుసార్లు అలా తిరిగి వచ్చాయి. బేలు విప్పి మళ్లీ కట్టిన ప్రతిసారీ ఆకు చిట్లి బరువు తగ్గింది. మా జిల్లాలో ఆత్మహత్యలు జరిగాయి. అప్పు నుంచి విడిపించినా, కొనేవాళ్లు అయిదారుగురే అయితే బేరానికి బలం రాదు. అప్పు ఒక్కటే కారణం కాదని డెల్టారైతు గారు చెప్పిన మాటకు నా అనుభవం కొంత తోడు నిలుస్తుంది.

సంఘబంధం:

నేను మహిళా సంఘంలో సభ్యురాలిని. మా గ్రామ సమాఖ్య ధాన్యం కొనుగోలు కేంద్రం నడుపుతుంది. నేను నాలుగేళ్లు ఆ కేంద్రంలో లెక్కలు రాశాను. ఇక్కడ అందరూ పెద్ద చట్టాల గురించి రాస్తున్నారు, నేను కేంద్రంలో ఒక రోజు ఎలా గడుస్తుందో రాస్తాను.

రైతు ధాన్యం తెచ్చి ఆరబోస్తాడు. మేము తేమ కొలిచే మిషన్‌లో గుప్పెడు గింజ వేస్తాము. 17 శాతం లోపు ఉంటే తూకం వేస్తాము. గోనె సంచులు ఉంటే తూకం, లేకపోతే ఎదురుచూపు. తూకం అయ్యాక లారీ రావాలి. లారీ ఎక్కిన ధాన్యం మిల్లుకు చేరాక అక్కడ దింపుకోవాలి. దింపుకునే దగ్గర మిల్లు మనిషి ఫోను చేసి, తాలు ఎక్కువగా ఉంది, బస్తాకు రెండు కిలోలు తరుగు ఒప్పుకుంటేనే దింపుతాము, లేకపోతే లారీని వెనక్కి పంపుతాము అంటాడు. మా కేంద్రంలో కాటా తప్పు లేదు, నలభై కిలోలు నలభై కిలోలే. ఆ రెండు కిలోలు పోయేది మా కాటా దాటాక. ఒక యాసంగిలో రాత్రి తొమ్మిదింటికి అలాంటి ఫోను వచ్చింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది, ఇంకా మూడు వందల బస్తాలు ఆరుబయట ఉన్నాయి, లారీ తిరిగి వస్తేనే అవి ఎత్తగలము. ఆ రైతు నా ముందే కూర్చుని, ఒప్పుకోమని చెప్పమ్మా అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది.

ఇంకొక మాట. కౌలు రైతు ధాన్యం తెస్తే పట్టాదారు పాసుపుస్తకం ఎవరిదో వారి ఖాతాలోకే డబ్బు పోయేది. భూమి యజమాని మంచివాడైతే సరే. కాకపోతే పాత కౌలు బాకీ కింద ఆ డబ్బు పట్టుకుంటాడు. మద్దతు ధర నూటికి నూరు శాతం చెల్లించినట్లు మా రిజిస్టరులో ఉంటుంది, పండించినవాడి చేతికి మాత్రం రాదు. కౌలుదారులకు గుర్తింపు కార్డుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2011లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో చట్టాలు చేశారు. అయినా యజమాని ఇష్టపడకపోతే కౌలుదారు నోరు విప్పడు.

ఎర్రజొన్న:

సంఘబంధం గారు రాసినది చదివాక, కేంద్రం 2020లో తెచ్చిన వ్యవసాయ చట్టాల మీద ఒక మాట అడగాలనిపిస్తోంది. యార్డు బయట ఎవరైనా ఎక్కడైనా రుసుము లేకుండా కొనవచ్చునన్న ఆ చట్టం నిలిచి ఉంటే మన రైతుకు ఏమైనా మేలు జరిగేదా? మా నిజామాబాద్ పసుపు మార్కెట్ 2016 ఏప్రిల్‌లో మొదలైన ఈ-నామ్ అనే జాతీయ ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్‌లో తొలి నాటి నుంచీ ఉంది. దేశంలో ఎక్కడి వ్యాపారి అయినా తెర మీద చూసి కొనవచ్చునన్నారు. కానీ చూడని పసుపుకు ధర పెట్టే ధైర్యం ఎవరికుంటుంది? నాణ్యత పరీక్షను నమ్మించగలిగితేనే దూరపు వ్యాపారి కొంటాడు. మేము చూసినంతలో ఎదుట కూర్చుని బేరమాడే వ్యాపారులే కంప్యూటరులోనూ ధర వేస్తున్నారు.

కాటామనిషి:

లెక్క వేసి చూద్దాము. 2020 సెప్టెంబరులో పార్లమెంటు ఆమోదించిన ఆ చట్టాలను 2021 జనవరి 12న సుప్రీంకోర్టు నిలిపివేసింది, ఆ ఏడాది నవంబరు చివర పార్లమెంటు రద్దు చేసింది. యార్డు బయట రుసుము ఉండదన్నది అందులో ప్రధానమైన మార్పు. మిరపకళ్లం గారి ధర 13,400. దాని మీద నూటికి ఒక రూపాయి చొప్పున రుసుము 134 రూపాయలు. ఆయనకు జెండా పాటతో వచ్చిన తేడా 2,800. ఆ రుసుము తీసివేసినా, అందులో ప్రతి పైసా రైతుకే దక్కినా, ఇంకా 2,666 రూపాయల తేడా మిగిలే ఉంటుంది. బీహారు 2006లోనే తన మార్కెట్ చట్టాన్ని ఎత్తివేసింది. అక్కడి రైతుకు మనకంటే మంచి ధర దక్కుతున్నదని నేను ఎక్కడా చూడలేదు. యార్డు ఉండాలి. అందులో నాకు సందేహం లేదు. కానీ యార్డుకు వచ్చేముందే అమ్ముడైపోయిన రైతును యార్డు కాపాడలేదు.

మా శాఖలో దీనికి ఒక మందు ఉండేది, ఇప్పటికీ ఉంది. దాని పేరు రైతుబంధు పథకం. 2018లో తెలంగాణలో ఎకరానికి పెట్టుబడి సాయంగా వచ్చిన రైతుబంధు వేరు, ఇది వేరు. ఇది మార్కెట్ కమిటీ గోదాములో సరుకు పెట్టి దాని మీద అప్పు తీసుకునే పథకం. సరుకు విలువలో 75 శాతం దాకా ఇస్తారు, 180 రోజుల వరకు వడ్డీ లేదు. ధర పడిపోయినప్పుడు అమ్మకుండా ఆగడానికి ఇంతకంటే మంచి సాధనం నాకు తెలియదు. నా ఉద్యోగ కాలంలో మూడు కమిటీల్లో దీన్ని నడిపాను. ప్రతిచోటా ఒకటే అనుభవం. వచ్చినవారిలో ఎక్కువమంది అప్పు అవసరం అంతగా లేని రైతులు. అవసరం ఉన్నవాళ్లను రమ్మంటే, సరుకు అడ్తీదారుకు చెప్పి ఉంచాము సార్ అనేవారు.

మిరపకళ్లం గారూ, ఒక్క విషయం అడుగుతాను. మీ తక్‌పట్టీ మీ దగ్గర ఉందా? అందులో అడ్తీదారు బాకీ కింద కోసుకున్న మొత్తం రాశారా? అలాగే, మీ ప్రాంతంలో కోల్డ్ స్టోరేజీలు ఉన్నాయి కాబట్టి మరో మాట. అక్కడి రసీదు మీద బ్యాంకులు అప్పు ఇస్తాయి, కానీ ఆ రసీదు ఎవరి పేరున రాస్తున్నారో చూసుకోండి. చాలామంది రైతులు అడ్తీదారు పేరున పెట్టిస్తారు, ఎందుకంటే కిరాయి ఆయనే కడతానంటాడు. అప్పుడు సరుకు మీదే అయినా అమ్మే హక్కు ఆయనది అవుతుంది.

డెల్టారైతు:

కాటామనిషి గారి లెక్కను కాదనను. నా మాటను కొంత సరిదిద్దుకుంటాను. 2011లో పంట విరామం పాటించినవారిలో సొంత భూమి ఉన్నవారు ఎక్కువ. వాళ్లకు ఒక పంట మానుకోగలిగే స్తోమత ఉంది. మా ఊళ్లో కౌలు చేసే కుటుంబాలు ఆ విరామాన్ని మాలాగా చూడలేదని, వారికి ఆ ఏడాది కూలికి వలసపోవలసి వచ్చిందని ఇప్పుడు గుర్తుకు వస్తోంది. అయినా ఎగుమతులు మూసివేయడం, ఎల్లలు మూసివేయడం రైతు తలరాతను ఒక్క సంతకంతో మార్చివేస్తాయన్న నా మాట మీద నేను నిలబడే ఉన్నాను.

మిరపకళ్లం:

అందరికీ కృతజ్ఞతలు. కాటామనిషి గారు అడిగారని ఈ రోజు బీరువా తెరిచి తక్‌పట్టీ తీశాను. బస్తాలు 42, నికర బరువు, క్వింటాలు ధర, కమీషను, హమాలీ, దడవాయి కూలి, చివర మొత్తం, అన్నీ చక్కగా రాసి ఉన్నాయి. నేను మళ్లీ కూడి చూశాను, పైసా తేడా లేదు. బాకీ కింద కోసుకున్నది అందులో ఎక్కడా లేదు. అది ఎర్ర అట్ట పుస్తకంలో ఉంది, ఆ పుస్తకం అడ్తీ కొట్టులో ఉంది. నేను దాన్ని ఎప్పుడూ నా చేత్తో పట్టుకుని చూడలేదు. మా నాన్నగారి పాత తక్‌పట్టీల కట్ట కూడా విప్పాను. అవీ అంతే.

నాకు సొంతంగా ఉన్నది మూడు ఎకరాలు, కౌలుకు చేస్తున్నది అయిదు. బ్యాంకు మూడు ఎకరాలకే అప్పు ఇస్తుంది. మిగతా అయిదు ఎకరాల మిరపకు పెట్టుబడి ఎవరు పెడతారన్నదే నా మెడకు పడిన తాడు. సంఘబంధం గారు రాసిన కౌలు కార్డు నా చేతిలో ఉండి ఉంటే నేను జూన్‌లో ఆ కొట్టు మెట్లు ఎక్కేవాణ్ణి కాదు.

మొన్న రెండవ కోత కాయ ఆరింది. ఇరవై ఆరు బస్తాలు అయ్యాయి. అడ్తీదారుకు ముందే చెప్పాను, బాకీ ఎగ్గొట్టను, వడ్డీతో సహా కడతాను, కానీ ఈ కాయ ఇప్పుడు అమ్మను అని. ఆయన కాసేపు మాట్లాడలేదు. కిరాయి తాను కడతానని, తన పేరున పెట్టిద్దామని అన్నాడు. వద్దన్నాను. నిన్న సాయంత్రం కోల్డ్ స్టోరేజీలో దింపి, రసీదు నా పేరున రాయించుకున్నాను. బ్యాంకు వారు సోమవారం రసీదుతో రమ్మన్నారు. వారు ఏమన్నారో వచ్చాక ఇక్కడే రాస్తాను.